బ్రెగ్జిట్ - లెక్కలూ నమ్మకాలూ

యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చి బ్రిటన్ తెలివైన పని చేసిందా, తెలివితక్కువ పని చేసిందా? ఈ ప్రశ్న వేస్తే మన హేతువాద మిత్రుల్లో ఎక్కువమంది తడుముకోకుండా రెండో జవాబే చెబుతారు. జనం అబద్ధాలు నమ్మి, ఆవేశంలో ఓటేశారంటారు. ఎదుటి పక్షం వారూ అంతే తొందరగా జవాబిస్తారు. నిపుణులు బూచిని చూపించి భయపెట్టారు, ఆ బూచి రాలేదు, కాబట్టి నిపుణుల మాటలన్నీ బూటకం అంటారు. నాకు ఈ రెండు జవాబులూ రుచించవు. రెండింటిలోనూ పక్షం ఉంది గాని పరీక్ష లేదు.

నేను ఆర్థికవేత్తను కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ ఉద్యోగంలో మొదట నేర్పే పాఠం ఒకటుంది. ఒక ఖర్చు సబబైనదా కాదా అని చూసే ముందు, దాన్ని ఏ పద్దు కింద రాశారో చూడాలి. జీతాల కింద పడాల్సింది మరమ్మతుల కింద పడిందనుకోండి, మొత్తం కూడిక సరిగ్గానే వస్తుంది. కాని లెక్క తప్పే. బ్రెగ్జిట్ వాదం ఇన్నేళ్ళయినా తెగకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. విలువల పద్దులో ఉండాల్సింది డబ్బు పద్దులోకి, డబ్బు పద్దులో ఉండాల్సింది విలువల పద్దులోకి వెళ్ళిపోయింది. ఈ పని రెండు పక్షాలూ చేశాయి.

ముందు జరిగినదేమిటో క్లుప్తంగా చూద్దాం. 2016 జూన్ 23న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వెళ్ళిపోదామన్నవారు 51.9 శాతం, అంటే కోటీ 74 లక్షల మంది. ఉందామన్నవారు 48.1 శాతం, కోటీ 61 లక్షల మంది. బ్రిటన్ 2020 జనవరి 31న యూనియన్ నుంచి తప్పుకుంది. పాత నిబంధనలే మరో పదకొండు నెలలు నడిచాయి. ఆ గడువు తీరడానికి వారం ముందు, 2020 డిసెంబరు 24న, వాణిజ్య ఒప్పందం కుదిరింది. 2021 జనవరి 1 నుంచి కొత్త ఏర్పాటు అమల్లోకి వచ్చింది. వ్యాపారం మీద బ్రెగ్జిట్ ప్రభావాన్ని చూడాలంటే ఈ చివరి తేదీయే ముఖ్యం. 2016 నుంచి 2020 దాకా మారింది ఓటరు తీర్పూ, పౌను విలువా, పెట్టుబడిదారుల ధైర్యమూను. సరిహద్దు మాత్రం మారలేదు.

ఇక వాగ్దానాలు. వెళ్ళిపోదామన్నవారు ఎర్ర బస్సు మీద రాయించిన అంకె అందరికీ గుర్తుండే ఉంటుంది. వారానికి 35 కోట్ల పౌన్లు యూరప్‌కు పంపుతున్నాం, ఆ డబ్బు మన ఆరోగ్య సేవకు ఇద్దాం అన్నారు. అది స్థూల చందా అంకె. మార్గరెట్ థాచర్ 1984లో సాధించిన రిబేటును అందులోంచి తీసెయ్యలేదు. ఆ రిబేటు సొమ్ము బ్రస్సెల్స్‌కు వెళ్ళి తిరిగి వచ్చేది కాదు, ముందే మినహాయించుకునేవారు. అది పోగా 2016లో కట్టింది వారానికి సుమారు 25 కోట్ల పౌన్లు. అందులోనూ కొంత రైతులకు సాయంగా, వెనకబడిన ప్రాంతాలకు నిధులుగా బ్రిటన్‌కే తిరిగి వచ్చేది. 2017 సెప్టెంబరులో బోరిస్ జాన్సన్ అదే అంకెను మళ్ళీ వాడినప్పుడు, ఆ దేశపు గణాంక ప్రాధికార సంస్థ అధ్యక్షుడు డేవిడ్ నార్‌గ్రోవ్ ఆయనకు బహిరంగంగా ఉత్తరం రాశారు. అధికారిక గణాంకాలను దుర్వినియోగం చేస్తున్నారని అందులో స్పష్టంగా చెప్పారు. చెల్లించని సొమ్మును ఖర్చు కింద చూపిస్తే మా ఆఫీసులో ఆ బిల్లు ముందుకు కదిలేది కాదు.

అయితే ఇక్కడితో ఆగితే మనం సగం పనే చేసినట్టు. ఉందామన్నవారి లెక్కలు కూడా చూడాలి. అప్పటి ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఆధ్వర్యంలో బ్రిటిష్ ఆర్థికశాఖ 2016 ఏప్రిల్‌లో ఒక నివేదిక, మేలో మరొకటి విడుదల చేసింది. మేలో వచ్చిన దాని ప్రకారం, వెళ్ళిపోవాలని ఓటేస్తే చాలు, వెంటనే ఏడాదిపాటు మాంద్యం వస్తుంది, సుమారు 5 లక్షల ఉద్యోగాలు పోతాయి. ఓటు పడింది. మాంద్యం రాలేదు. నిరుద్యోగం పెరగకపోగా 2018 నాటికి ఇంకా తగ్గింది. పౌను మాత్రం ఒక్క రాత్రిలో పడిపోయింది. డాలరుతో పోలిస్తే 1985 తర్వాత అప్పటిదాకా అంత తక్కువకు ఎన్నడూ దిగలేదు. దిగుమతుల ధరలు పెరిగి 2017 నవంబరుకు ద్రవ్యోల్బణం 3.1 శాతానికి చేరింది. నష్టం జరగలేదని అనలేం. కాని చెప్పిన నష్టం జరగలేదు. ఇది ఒప్పుకోవాలి.

ఏప్రిల్ నివేదికలో ఇంకో తమాషా ఉంది. వెళ్ళిపోతే ప్రతి కుటుంబానికీ ఏటా 4,300 పౌన్ల నష్టమని పత్రికలన్నీ రాశాయి. ఆ అంకె ఎలా వచ్చిందో చూడండి. 2030 నాటికి జీడీపీ ఎంత ఉండవచ్చో అంచనా కట్టి, యూనియన్‌లో ఉంటే ఉండేదానికన్నా 6.2 శాతం తక్కువ ఉంటుందని తేల్చి, ఆ తేడాను కుటుంబాల సంఖ్యతో భాగించారు. జీడీపీ అంటే కుటుంబాల ఆదాయం కాదు, కంపెనీలదీ ప్రభుత్వానిదీ కూడా అందులో ఉంటుంది. పైగా ఆ నివేదిక ప్రకారమే 2030లో బ్రిటన్ 2016 కంటే ధనికంగానే ఉంటుంది, ఉండగలిగినంత ధనికంగా ఉండదు, అంతే. మామూలు చదువరికి మాత్రం ఇప్పుడు జేబులో ఉన్న 4,300 పౌన్లు ఎవరో తీసుకుపోతారన్నట్టు వినబడింది. అలా వినబడాలనే ఆ అంకెను ముందుకు తెచ్చారని నేను అనుకుంటాను.

నిపుణుల గురించి మైకేల్ గోవ్ అన్న మాట ఈ సందర్భంలోనిదే. జనానికి నిపుణులంటే మొహం మొత్తిందని ఆయన 2016 జూన్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూలో అన్నాడని మనవాళ్ళు ఎద్దేవా చేస్తారు. ఆ మాట మొత్తం వింటే అర్థం కొంత మారుతుంది. అన్నీ తమకే తెలుసంటూ పదేపదే తప్పుతున్న పొడి అక్షరాల సంస్థల నిపుణులంటే విసుగెత్తిందని ఆయన అన్నాడు. ఆ వాదం సరైందని నేను అనడం లేదు. ఎదుటివాడి మాటను సగానికి కోసి వెక్కిరించడం మన పద్ధతి కాకూడదని మాత్రం అంటున్నాను. బాబాల భక్తులు మన మాటల్ని అలా కోస్తే మనకెంత కోపం వస్తుందో గుర్తుచేసుకోండి.

సరే, నిపుణులు ఒకసారి తప్పారు. అయితే వాళ్ళకూ జ్యోతిష్కుడికీ తేడా లేదా? ఉంది. జ్యోతిష్కుడు ఏం జరిగితే తన మాట తప్పినట్టో ముందు చెప్పడు. ఆర్థికశాఖ చెప్పింది. తేదీ చెప్పింది, అంకె చెప్పింది, అందుకే మనం ఇవాళ తప్పిందని చెప్పగలుగుతున్నాం. పైగా ఆ శాఖ రెండు వేరువేరు జోస్యాలు చెప్పింది. ఓటు వేసిన వెంటనే భయంతో వచ్చే దెబ్బ ఒకటి. సరిహద్దు మారాక, ఏళ్ళ మీద నెమ్మదిగా వచ్చే దెబ్బ రెండోది. మొదటిది తప్పింది. మొదటిది తప్పింది కాబట్టి రెండోదీ తప్పే అనడం తర్కం కాదు. రెండోదాన్ని విడిగా పరీక్షించాలి.

పరీక్షించడం ఎలా? ఇక్కడే చాలామంది కాకతాళీయంలో పడిపోతారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. బ్రిటన్ 2020 జనవరి చివర యూనియన్ నుంచి వెళ్ళిపోయింది, మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. కొత్త సరిహద్దు 2021 జనవరిలో వచ్చింది, అదే వారంలో మరో లాక్‌డౌన్. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై గ్యాస్ ధరలు ఆకాశానికి అంటాయి. 2019 ఎగుమతుల పక్కన 2022 ఎగుమతులు పెట్టి ఇదంతా బ్రెగ్జిట్ మహిమ అనేవారూ, ఎగుమతుల విలువ పౌన్లలో పెరిగింది కాబట్టి నష్టమేమీ లేదనేవారూ ఒకే తప్పు చేస్తున్నారు. రెండో వాళ్ళు ధరల పెరుగుదలను కూడా మరిచిపోతున్నారు.

హోమియో మందు వేసుకున్నాను, జలుబు తగ్గింది అనేవారికి మనం ఏం చెబుతాం? మందు వేసుకోని వాళ్ళ జలుబు ఎన్నాళ్ళకు తగ్గిందో చూపించమంటాం. ఇక్కడా అడగాల్సిన ప్రశ్న అదే. యూనియన్‌లోనే ఉండిపోయిన బ్రిటన్ ఎలా ఉండేది? అలాంటి బ్రిటన్ ఎక్కడా లేదు. అందుకని పరిశోధకులు రెండు దారులు పట్టారు.

మొదటి దారిలో, 2016 దాకా బ్రిటన్‌లాగే నడిచిన కొన్ని దేశాల్ని తగిన పాళ్ళలో కలిపి ఒక కల్పిత బ్రిటన్‌ను తయారు చేస్తారు. ఆ తర్వాత అసలు బ్రిటన్ దానికి ఎంత వెనకబడిందో కొలుస్తారు. నికలస్ బ్లూమ్, మరికొందరు ఆర్థికవేత్తలు 2025లో ప్రచురించిన అధ్యయనం ఇటువంటి పోలికలతో పాటు కంపెనీల సమాచారం కూడా తీసుకుని, 2025 నాటికి జీడీపీ 6 నుంచి 8 శాతం తగ్గిందని తేల్చింది. ఈ పద్ధతిలో ఒక బలహీనత ఉంది. ఏ దేశాల్ని కలిపారన్నదాని మీద జవాబు ఆధారపడుతుంది. ఈ ఏళ్ళలో అమెరికా బాగా పెరిగింది. మిశ్రమంలో అమెరికా పాలు పెంచితే బ్రిటన్ నష్టం పెద్దదిగా కనిపిస్తుంది.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చింది. దేశాల్ని వదిలేసి, బ్రిటన్ లోపలి సంస్థల్నే పోల్చడం. యూరప్‌తో ఎక్కువ వ్యాపారమున్న సంస్థలకు ఏమైంది, అంతగా లేని సంస్థలకు ఏమైంది? కోవిడ్, గ్యాస్ ధరలు రెండు రకాల వాళ్ళనూ తాకాయి. కొత్త సరిహద్దు మాత్రం మొదటి రకం వాళ్ళనే ఎక్కువ తాకింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు లక్షకు పైగా సంస్థల లెక్కలతో ఈ పని చేసి 2024 డిసెంబరులో ఫలితం ప్రకటించారు. 2022లో బ్రిటన్ వస్తువుల ఎగుమతులు, ఒప్పందం వల్ల, 6.4 శాతం తగ్గాయి. అంటే 2,700 కోట్ల పౌన్లు. దిగుమతులు 3.1 శాతం తగ్గాయి. ఇంతకు ముందు యూరప్‌కు సరుకు పంపుతూ వచ్చిన వాటిలో సుమారు 16,400 సంస్థలు, అంటే 14 శాతం, అటు పంపడమే మానేశాయి. అతి పెద్ద సంస్థల ఎగుమతులు మాత్రం తగ్గలేదు.

ఈ ఫలితంలో ఇద్దరికీ చేదు ఉంది. బ్రిటన్ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ చాలాకాలంగా వాడుతూ వచ్చిన అంచనా ప్రకారం, దీర్ఘకాలంలో ఎగుమతులూ దిగుమతులూ 15 శాతం, ఉత్పాదకత 4 శాతం తక్కువగా ఉంటాయి. మొదటి రెండేళ్ళలో కనిపించిన తగ్గుదల అంతకన్నా తక్కువే. ప్రళయం రాలేదు. అలాగని ఏమీ జరగలేదనడానికీ వీల్లేదు. ఆ 4 శాతం అన్నది పలు అధ్యయనాల సగటు మీద కట్టిన అంచనా, కొలిచి చూసిన అంకె కాదు. ఈ తేడా చెప్పకుండా వాడేవారిని నమ్మకండి, వాళ్ళు మన పక్షం వారైనా సరే.

ఇప్పుడు అసలు ప్రశ్న. 2020 ఒప్పందంలో సుంకం సున్నా, కోటాలు లేవు. మరి వ్యాపారం ఎందుకు తగ్గింది? సుంకం లేకపోతే సరిహద్దు లేనట్టే అనుకోవడం వల్ల ఈ సందేహం వస్తుంది. మన పాఠకులకు దీన్ని వివరించడం తేలిక. జీఎస్టీ రాకముందు రాష్ట్రాల సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరి నిలబడి ఉండడం మనమంతా చూసిందే. డ్రైవరు చేతిలో కాగితాల కట్ట, ఒక కాగితం తక్కువైతే రాత్రంతా అక్కడే. కట్టాల్సిన పన్ను వేరు, ఆ రాత్రి ఖర్చు వేరు. 2017 జులైలో జీఎస్టీ వచ్చి చెక్‌పోస్టులు ఎత్తేశాక లారీ ప్రయాణం మారిపోయింది. బ్రిటన్ 2021 జనవరిలో ఇందుకు సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. అంతవరకూ డోవర్ నుంచి కలే దాకా ఉన్న సముద్రం, లారీకి మరో రోడ్డు లాంటిది. ఆ రోజు నుంచి అది చెక్‌పోస్టయింది.

ఆ చెక్‌పోస్టు దగ్గర ఏం కావాలి? ప్రతి సరుకుకూ కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి. ఇలాంటివి ఏటా అదనంగా 21.5 కోట్లు అవసరమవుతాయనీ, బ్రిటిష్ వ్యాపారులకు వీటి ఖర్చే ఏటా 750 కోట్ల పౌన్లనీ ఆ దేశపు పన్నుల శాఖ 2019లోనే అంచనా వేసింది. మాంసం, జున్ను, చేపలు పంపాలంటే ఆరోగ్య ధ్రువపత్రం, దాని మీద అధికారిక పశువైద్యుడి సంతకం కావాలి. అన్నిటికన్నా చిక్కైనది, సరుకు ఎక్కడ తయారైందన్న నిబంధన. బ్రిటన్‌లో తయారైన సరుకుకే సున్నా సుంకం. మార్క్స్ అండ్ స్పెన్సర్ వారి పర్సీ పిగ్ అనే మిఠాయి 2021 జనవరిలో ఇందుకు ఉదాహరణగా పత్రికలకెక్కింది. ఆ మిఠాయి జర్మనీలో తయారవుతుంది, బ్రిటన్‌కు వస్తుంది, అక్కడి నుంచి ఐర్లండ్ దుకాణాలకు వెళుతుంది. జర్మనీ యూనియన్‌లోదే, ఐర్లండూ యూనియన్‌లోదే. అయినా మధ్యలో బ్రిటన్ గోదాములో దిగింది కాబట్టి మళ్ళీ సుంకం కట్టే పరిస్థితి వచ్చింది.

చిన్న సంస్థలే ఎందుకు దెబ్బతిన్నాయో ఇప్పుడు తెలుస్తుంది. ఒక కాగితం నింపే ఖర్చు, లారీలో ఒక పెట్టె ఉన్నా వెయ్యి పెట్టెలున్నా దాదాపు ఒకటే. వెయ్యి పెట్టెలు పంపేవాడికి ఆ ఖర్చు పెట్టెకు పైసల్లో పడుతుంది. ఒక పెట్టె పంపేవాడికి లాభమంతా దానికే పోతుంది. పెద్ద కంపెనీ ఒక కస్టమ్స్ విభాగాన్నే పెట్టుకుంటుంది. ఇద్దరు మనుషులతో జున్ను చేసి అమ్ముకునే వాడు ఫ్రాన్సులోని ఖాతాదారుకు క్షమించమని ఉత్తరం రాసి ఊరుకుంటాడు. పెద్ద వ్యాపారుల గుప్పిట్లోంచి సామాన్యుణ్ణి విడిపిస్తామని సాగిన ఉద్యమం బిల్లు, చివరికి చిన్న వ్యాపారి పేర వచ్చింది. ఇంకో వింత. అదుపు మళ్ళీ మన చేతికి తెచ్చుకుందాం అన్నది వాళ్ళ నినాదం. యూరప్ తన వైపు తనిఖీలు మొదటి రోజే పెట్టింది. బ్రిటన్ మాత్రం తన వైపు ఆహార తనిఖీలను పదేపదే వాయిదా వేసి, 2024 జనవరిలో ధ్రువపత్రాలు, ఏప్రిల్‌లో పరిశీలనలు మొదలుపెట్టింది. పెడితే ఆహారం ధర పెరుగుతుందని భయం.

ఐర్లండ్ విషయంలో లెక్క కూడా అక్కర్లేదు, తర్కం చాలు. మూడు వాగ్దానాలు ఒకేసారి చేశారు. ఒకటి, బ్రిటన్ ఉమ్మడి మార్కెట్ నుంచీ కస్టమ్స్ యూనియన్ నుంచీ బయటికి వస్తుంది. రెండు, ఉత్తర ఐర్లండ్‌కూ ఐర్లండ్ రిపబ్లిక్‌కూ మధ్య తనిఖీలుండవు, ఎందుకంటే 1998 శాంతి ఒప్పందం తర్వాత ఆ సరిహద్దు మాయమవడం మీదే అక్కడి ప్రశాంతత ఆధారపడి ఉంది. మూడు, ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య కూడా తనిఖీలుండవు. నిబంధనలు రెండు రకాలైనప్పుడు ఎక్కడో ఒకచోట తనిఖీ జరగాలి. ఈ మూడింటిలో ఏ రెండైనా కుదురుతాయి, మూడూ కుదరవు. థెరిసా మే ప్రభుత్వం ఈ చిక్కుముడిలోనే మునిగింది. బోరిస్ జాన్సన్ మూడోదాన్ని వదిలేశాడు, వదల్లేదని జనానికి చెప్పాడు. ఐరిష్ సముద్రంలో సరిహద్దు వచ్చింది. దాన్ని పలచబరచడానికి 2023లో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అనే మరో ఒప్పందం అవసరమైంది.

వెళ్ళిపోయినందుకు లాభాలేమీ లేవా? ఉన్నాయి, వాటినీ రాయాలి. సేవల ఎగుమతులు బాగానే పెరిగాయి. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రకటించిన సుంకాల పట్టికలో బ్రిటన్‌కు 10 శాతం, యూరోపియన్ యూనియన్‌కు 20 శాతం వేశారు. జులైలో ఒప్పందం చేసుకున్నాక కూడా యూనియన్‌కు 15 శాతం పడింది. ఆనాటికి అది బయట ఉండడం వల్ల వచ్చిన లాభమే. సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకునే హక్కు ఇంకో లాభం. మనకు నేరుగా సంబంధించింది ఇదే. భారత్, బ్రిటన్ చర్చలు 2022 జనవరిలో మొదలై, 2025 జులై 24న సంతకాలయ్యాయి. మన ఎగుమతుల్లో 99 శాతం రకాల మీద బ్రిటన్ సుంకం తీసేయడానికి ఒప్పుకుంది. స్కాచ్ విస్కీ మీద మన 150 శాతం సుంకం మొదట 75కు, పదేళ్ళలో 40కి దిగాలి. యూనియన్‌లో ఉండి ఉంటే బ్రిటన్ ఈ సంతకం తనంత తానుగా చేయగలిగేది కాదు. అది నిజం. అయితే 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్ళీ మొదలైన భారత్, యూరోపియన్ యూనియన్ చర్చలు కూడా 2026 జనవరిలో ముగిశాయి. ముందుగా వెళ్ళిన లాభం ఎంతకాలమో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

ఇప్పుడు ఒక చిన్న కూడిక. అంకెలన్నీ బ్రిటిష్ ప్రభుత్వం స్వయంగా వేసుకున్న దీర్ఘకాల అంచనాలే. ఆస్ట్రేలియా ఒప్పందం వల్ల జీడీపీకి లాభం 0.08 శాతం. న్యూజిలాండ్‌తో 0.03 శాతం. మన దేశంతో 0.13 శాతం. మొత్తం 0.24 శాతం. అటువైపు నష్టం అంచనా 4 శాతం. అంటే ఇలాంటి మూడేసి ఒప్పందాల కట్టలు పదహారు చేసుకున్నా లోటు పూర్తిగా పూడదు. ఆ 4 శాతం తప్పు, అందులో సగమే నిజం అనుకుందాం. అప్పుడూ ఎనిమిదికి పైగా కట్టలు కావాలి. అంత పెద్ద దేశాలు మిగిలి ఉండాలిగా! ఇందులో కుట్ర ఏమీ లేదు. దగ్గరి వాడితో వ్యాపారం ఎక్కువ, దూరపు వాడితో తక్కువ జరుగుతుందన్నది ఆర్థికశాస్త్రంలో చాలా గట్టిగా నిలిచిన పరిశీలనల్లో ఒకటి. ఇంటి పక్క కిరాణా కొట్టుతో తగువు పెట్టుకుని, పొరుగూరి సంతను నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

కాబట్టి డబ్బు పద్దులో నా తీర్పు ఇది. వెళ్ళిపోతే లాభమన్న మాట నిలబడలేదు. వెంటనే కూలిపోతామన్న మాటా నిలబడలేదు. నెమ్మదిగా, కనిపించకుండా, చిన్నవాళ్ళ మీద ఎక్కువగా పడే నష్టం ఉంటుందన్న మాట నిలబడింది. ఎంత నష్టమన్న దాని మీద ఇంకా వాదన ఉంది, ఉందా లేదా అన్న దాని మీద పెద్దగా లేదు.

అయితే దీనితో ఆ కోటీ 74 లక్షల మంది మూర్ఖులని రుజువైనట్టేనా? అవలేదు. ఎందుకంటే వాళ్ళలో చాలామంది ఓటు డబ్బు పద్దులోది కాదు. మా చట్టాలు మేము ఎన్నుకున్నవాళ్ళే చెయ్యాలి అన్నది విలువకు సంబంధించిన మాట. దాన్ని జీడీపీతో ఖండించలేం. మన ఉపఖండం వైపు చూడండి. 1947లో జనపనార పండే పొలాలు ఎక్కువగా తూర్పు బెంగాల్లో ఉండిపోయాయి, మిల్లులు కలకత్తా చుట్టూ హుగ్లీ ఒడ్డున ఉండిపోయాయి. 1949 సెప్టెంబరులో పౌనుతో పాటు మన రూపాయి విలువ తగ్గించాం, పాకిస్తాన్ తగ్గించలేదు. మారకం రేటు మీద తగువుతో రెండు దేశాల మధ్య వ్యాపారం 1951 ఒప్పందం దాకా దాదాపు స్తంభించింది. ఇక్కడ మిల్లులకు నార కరువు, అక్కడ రైతుకు గిరాకీ కరువు. అప్పుడు తూర్పు బెంగాల్ వాళ్ళు మిల్లులు కట్టుకున్నారు, మనం జనపనార సాగు పెంచుకున్నాం. రెండు దేశాలూ ఒకే పనిని రెండుసార్లు డబ్బు పెట్టి చేశాయి. ఇక 1971లో తూర్పు పాకిస్తాన్ విడిపోయినప్పుడు, పశ్చిమ పాకిస్తాన్ మార్కెట్ పోతుంది కదా, ఆగండి అని మనలో ఎవరైనా అన్నారా? అనలేదు. కొన్ని విషయాలకు జనం ధర కడతారు, కట్టడానికి వాళ్ళకు హక్కుంది.

2014లో మన రాష్ట్రం విడిపోవడాన్ని దీనితో పోల్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పోలిక కుదరదు. రాష్ట్రం రెండైంది గాని మార్కెట్ రెండు కాలేదు. అదే రూపాయి, అవే కేంద్ర చట్టాలు, దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలన్న రాజ్యాంగం 301వ అధికరణం. బ్రిటన్ వదులుకున్నది సరిగ్గా అలాంటి దాన్నే.

విలువ కోసం ధర కట్టడంలో తప్పు లేదు. ధర లేదని చెప్పడం తప్పు. ధర ఉండకపోగా వారానికి 35 కోట్లు ఎదురు వస్తాయని చెప్పడం ఇంకా పెద్ద తప్పు. "మనం కొంచెం బీదవాళ్ళమవుతాం, కాని మన చట్టాలు మనవవుతాయి, ఒప్పుకుంటారా?" అని అడిగి ఉంటే ఆ ఓటును నేను గౌరవించేవాణ్ణి, నేను దానితో ఏకీభవించకపోయినా. అలాగే ఉందామన్నవాళ్ళు, "ఇతర దేశాలతో కలిసి చేసిన చట్టాలకు లోబడతాం, అందులో మన ఓటు ఇరవై ఎనిమిదింటిలో ఒకటి, బదులుగా ఈ మార్కెట్ దొరుకుతుంది" అని ధైర్యంగా చెప్పాల్సింది. వాళ్ళు సార్వభౌమత్వం మాట ఎత్తకుండా భయం అమ్మారు. వీళ్ళు ఖర్చు మాట ఎత్తకుండా ఆశ అమ్మారు. ఓటరు చేతికి మాత్రం పూర్తి బిల్లు ఎవరూ ఇవ్వలేదు.

ఇలాంటి వాదం రేపు ఎక్కడైనా రావచ్చు, మన దగ్గరా రావచ్చు. విడిపోదామనే వాళ్ళనూ, కలుద్దామనే వాళ్ళనూ మనం మూడు ప్రశ్నలు అడగాలి. మీరు చెబుతున్నది విలువా, లెక్కా? లెక్కయితే, దేనితో పోల్చి చెబుతున్నారు? ఏ తేదీకి ఏం జరిగితే మీ లెక్క తప్పిందని ఒప్పుకుంటారు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పనివాడి దగ్గర అంకెలెన్ని ఉన్నా వాటిని జాతకచక్రం పక్కనే పెట్టవచ్చు.

2025 మే 19న లండన్‌లో బ్రిటన్, యూరోపియన్ యూనియన్ కొత్త అవగాహనకు వచ్చాయి. ఆహార, పశు సంబంధ తనిఖీలు తగ్గించుకోవడానికి ఒప్పందం చేసుకోవాలన్నది అందులో ముఖ్యమైన అంశం. బదులుగా ఆ రంగంలో యూరప్ నిబంధనలు మారినప్పుడల్లా బ్రిటన్ తనవి మార్చుకోవాలి, యూరప్ చట్టం అర్థమేమిటన్న తగువు వస్తే తుది మాట యూరోపియన్ న్యాయస్థానానిది, అయ్యే ఖర్చులో బ్రిటన్ కొంత భరించాలి. చేపల వేటకు యూరప్ పడవలకు 2038 దాకా అనుమతి. ఇది మంచి బేరమా కాదా అని అక్కడి వాళ్ళు వాదించుకుంటున్నారు, వాదించుకోవాలి కూడా. కాని ఈసారి ఏమిచ్చి ఏం తెచ్చుకుంటున్నారో రెండు వైపులా కాగితం మీద ఉంది. 2016లో ఓటరుకు దక్కనిది ఆ కాగితమే.